కప్పకు పోసిన మంచి ఆయిల్

ఆ బండిని కాగితాల మీద ఏటీవీ అని రాస్తారు. లావుపాటి నాలుగు చక్రాలు, మోటారు సైకిలుకున్నట్టు హ్యాండిలు, అటో కాలూ ఇటో కాలూ వేసుకుని కూర్చునే సీటు. రాళ్ళ మీద ఎగిరెగిరి పోతుంది కాబట్టి నీటి సరఫరా డిపోలో అందరూ దాన్ని కప్ప అనే పిలిచేవారు. ఊరికి నీళ్ళిచ్చే పెద్ద ట్యాంకు కొండ మీద ఉంది. పైకి వెళ్ళే దారి జీపుకు ఇరుకు, మనిషికి ఆయాసం. అందుకని కప్పను కొన్నారు. రోజూ పొద్దున్నే ఇద్దరు మనుషులు దాని మీద పైకి వెళ్ళి, వాల్వు తిప్పి, నీటి మట్టం రాసుకుని దిగి వచ్చేవారు. నడిపేవాడు చిన్నోడు. వెనక కూర్చునేవాడు వాల్వు తాత.

ఇప్పుడు వాల్వు తాత లేడు. నెల రోజుల కిందట కొండదారి చివరి మలుపులో బండి వెనక్కి జారి, తిరగబడి ఆయన మీద పడింది. చిన్నోడు పక్కకు ఎగిరిపడి, మోచెయ్యి విరిగి బతికాడు. ఆ రోజు నుంచి కప్ప షెడ్డులో ఓ మూల ఉంది. దానికి సీలు వేశారు. ఇద్దరు కుర్రాళ్ళు రోజూ కాలినడకన కొండెక్కి వాల్వు తిప్పి, తిట్టుకుంటూ దిగి వస్తున్నారు.

డిపోలో బళ్ళన్నిటినీ చూసుకునేది మేస్త్రీ. ముప్పై ఏళ్ళ అనుభవం. లారీ వస్తుంటే గేటు దగ్గర శబ్దం విని జబ్బు చెప్పేసే రకం. ఆ సంగతి తనకే తెలియనట్టు నటించే రకం కూడా. చిన్నోడికి ఆయన స్వయానా బావ, అక్క మొగుడు. చిన్నోడు అంటే చిన్నవాడేం కాదు, ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి. చెవుల దగ్గర జుట్టు కూడా నెరిసింది. చిన్నప్పుడే తల్లి పోతే అక్క పెంచింది. ఆవిడ నోట్లో ఆ పేరు అలాగే ఉండిపోయింది, డిపో అంతా అంటుకుంది. మేస్త్రీ దంపతులతోనే, డిపో పక్కన క్వార్టర్లోనే అతని కాపురం. పెళ్ళి మాటెత్తితే, "ముందు మా బావ సంసారం చక్కబడనివ్వండి" అని తప్పించుకునేవాడు. బావా బావమరుదులు ఒక చోట చేరితే ఒకరి మీద ఒకరు వేసుకునే జోకులకు అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఈ నెల రోజులుగా ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం వినిపించడం లేదు.

విచారణ ముగింపుకొచ్చింది. పరీక్షకు వచ్చిన ఆఫీసరు కప్పను డిపో ఆవరణలో రెండు చుట్లు తిప్పి చూశాడు. గేర్లు చక్కగా పడుతున్నాయి, బ్రేకులు పడుతున్నాయి, బండిలో ఏ లోపమూ లేదన్నాడు. చిన్నోడు చెప్పింది ఒకటే ముక్క. ఇంజను అరిచింది, బండి కదల్లేదు. అంటే గేరు పడలేదన్నమాట, నువ్వే తప్పావన్నమాట, అని ఆఫీసరు తేల్చాడు. మొదట్లో చిన్నోడు కాదన్నాడు. వారం తిరిగేసరికి ఏమోనన్నాడు. ఇప్పుడు అతనే నమ్ముతున్నాడు. ఆ మధ్యాహ్నం మూడు గంటలకు డిపో పై అధికారి ఇంజనీరమ్మ గదిలో, నా నిర్లక్ష్యం వల్లే ప్రమాదం జరిగింది అన్న కాగితం మీద సంతకం పెట్టాలి. పెడితే బండి మీద నుంచి దించేస్తారు, ఉద్యోగమూ అనుమానమే. అంతకంటే పెద్ద సంగతి, ఒక మనిషిని చంపానన్న మాటను తన చేతులతో తనే రాసుకున్నట్టవుతుంది.

ఆ పొద్దున మేస్త్రీకి ఇంజనీరమ్మ దగ్గర నుంచి ఒక ఫారం వచ్చింది. ప్రమాదం తర్వాత వచ్చిన కొత్త పద్ధతి. చిన్నోడి సంతకం అయ్యాక కప్పకు సీలు తీస్తారు, ఆ తర్వాత దానిలో ఏ ఆయిల్ పోసినా రెండు గళ్ళు నింపాలి. కంపెనీ పుస్తకం ఏ ఆయిల్ పొయ్యమంటుంది, మీరు ఏది పోస్తున్నారు. మేస్త్రీకి చిరాకేసింది. పుస్తకాలు చదివి బళ్ళు బాగుచేసేవాడిని ఆయన ఎన్నడూ మేస్త్రీగా లెక్కపెట్టలేదు. కప్ప పుస్తకం పనిముట్ల సొరుగు అడుగున, ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా పడి ఉంది. మొదటి రెండేళ్ళూ కంపెనీ మనిషే వచ్చి ఆయిల్ మార్చి వెళ్ళేవాడు. ఆ గడువు తీరాక, ప్రమాదానికి సరిగ్గా వారం ముందు, మొదటిసారి మార్చింది మేస్త్రీయే.

కవరు చింపి, కళ్ళజోడు పెట్టుకుని, బల్ల మీద పుస్తకం పరిచాడు. గేర్‌బాక్స్ ఆయిల్ అన్న పేజీ దొరకడానికి కొంతసేపు పట్టింది. అక్కడ ఒక చిన్న బొమ్మ వేసి, దాని కింద రాసి ఉంది. ఈ బండిలో క్లచ్ ప్లేట్లు గేర్‌బాక్స్ ఆయిల్‌లోనే మునిగి పనిచేస్తాయి. వెట్ క్లచ్‌కు తగిన ఆయిల్ మాత్రమే వాడండి. రాపిడి తగ్గించే మందులు కలిపిన కారు ఆయిల్ పొయ్యకండి. ప్లేట్లకు పట్టు పోయి, క్లచ్ జారుతుంది.

మేస్త్రీ ఆ నాలుగు ముక్కలూ మళ్ళీ చదివాడు.

లారీలకూ జీపులకూ క్లచ్ పొడిగా ఉంటుంది. గేర్‌బాక్స్‌లో ఏం పోసినా ఆ నూనె చుక్క క్లచ్‌ను తాకదు. కాబట్టి అందులో ఎంత జారే ఆయిల్ పోస్తే గేర్ల పళ్ళు అంత తక్కువ అరుగుతాయి, బండి అంత హాయిగా నడుస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆయనకు వంటబట్టిన చదువు అదే. ఆ చదువే తెచ్చి కప్పలో పోశాడు. ఏమీ తెలియనివాడైతే డిపో డ్రమ్ములోని మామూలు ఆయిల్ పోసి ఊరుకునేవాడు, ఏమీ అయ్యేది కాదు. బాగా తెలిసినవాడు కాబట్టే కొంప మునిగింది.

ఇంకో కారణం కూడా ఉంది. ఆయిల్ మార్చే వారం ముందు నుంచీ ఆయన భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. మా చిన్నోడు రోజూ ఆ కొండెక్కుతాడు, ఆ డ్రమ్ములో నల్లనీళ్ళు కాకుండా కాస్త మంచి ఆయిల్ పొయ్యండి, అని. మేస్త్రీ తన జేబులోంచి డబ్బు పెట్టి ఊళ్ళో పెద్ద దుకాణంలో దొరికే అన్నిటికంటే ఖరీదైన కారు ఆయిల్ కొన్నాడు. బంగారు రంగు డబ్బా. పోస్తుంటే పట్టుబట్టలా జారింది. వాల్వు తాత పక్కనే నిలబడి, వేలికి రాసుకుని చూసి, "ఇదేదో తలకు రాసుకునేలా ఉందే మేస్త్రీ" అన్నాడు.

మేస్త్రీ లేచి అలమర తెరిచాడు. ఆ డబ్బా అక్కడే ఉంది, అడుగున పావు వంతు మిగిలి. వెనక్కి తిప్పి, కళ్ళజోడు సర్దుకుని, చీమల్లాంటి అక్షరాలు కూడబలుక్కున్నాడు. చివరి వరుసలో ఉంది. వెట్ క్లచ్ బళ్ళకు పనికిరాదు. డబ్బా పట్టుకుని ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

అప్పుడు గుర్తొచ్చింది, నాలుగో రోజు సంగతి. ఆయిల్ మార్చిన నాలుగో రోజు చిన్నోడు కొండ దిగి వచ్చి, గేర్లు వెన్నలా పడుతున్నాయి గానీ చివరి మలుపులో బండి కొంచెం అరుస్తోంది బావా, ఓసారి చూడు, అన్నాడు. మేస్త్రీ జీపు కింద పడుకుని ఉన్నాడు. బయటికి రాలేదు. అక్కడి నుంచే, "మీ అక్క వంట తిని తిని బరువెక్కావురా. నువ్వెక్కి కూర్చుంటే అది అరవక పాట పాడుతుందా?" అన్నాడు. షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. చిన్నోడూ నవ్వి వెళ్ళిపోయాడు. ఏడో రోజు తాత చచ్చిపోయాడు.

తెలియక పోసిన ఆయిల్ ఒక ఎత్తు, తెలిసే అవకాశం వచ్చినా జోకు వేసి పంపడం ఒక ఎత్తు. మేస్త్రీకి ఆ రెండోది మింగుడుపడలేదు.

కప్ప కింద ఒక బోల్టు ఉంటుంది. అది విప్పితే ఆయిలంతా కారిపోతుంది. కొత్త ప్లేట్లు వేసి, పుస్తకం చెప్పిన ఆయిల్ పోస్తే బండి బాగుపడుతుంది, ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. ఫారంలో రెండు గళ్ళూ ఒకేలా నింపొచ్చు. మేస్త్రీ పానా తీసుకుని కప్ప పక్కన నేల మీద పడుకున్నాడు. బోల్టుకు పానా తగిలించాడు. ఎంతసేపు అలా ఉన్నాడో ఆయనకే తెలియదు. భోజనానికి రమ్మని గోడ అవతల నుంచి భార్య పిలిచే దాకా పానా అలాగే ఉంది, బోల్టు తిరగలేదు.

ఇంట్లో బల్ల దగ్గర ముగ్గురూ కూర్చున్నారు. చిన్నోడు చెయ్యి కట్టుతో, తల వంచుకుని, కుడి చేత్తో మెల్లగా తింటున్నాడు. మేస్త్రీ చెంచా కింద పడిపోతే తియ్యడానికి వంగాడు. బల్ల కింద చిన్నోడి ఎడమకాలు కదులుతోంది. కప్పకు గేరు ఎడమకాలితో వెయ్యాలి. ఆ పాదం నేల మీద ఒకసారి కిందికి నొక్కుతోంది, ఆగుతోంది, మళ్ళీ నొక్కుతోంది. పడిందా, పడిందా అని చూసుకుంటోంది. ఈ నెలలో ఆ కాలు అలా ఆడడం మేస్త్రీ చాలాసార్లు చూశాడు. ఏదో దిగులుతో ఆడిస్తున్నాడనుకున్నాడు. ఏం చేస్తోందో ఇప్పుడు అర్థమైంది.

భార్య తమ్ముడి పళ్ళెంలో ఇంకాస్త కూర వేసి, సంతకం పెట్టేసెయ్ నాన్నా, తప్పు ఎవరైనా చేస్తారు, కావాలని చేశావా ఏమిటి, అంది. ఎంతో ప్రేమగా అంది. చిన్నోడు తల ఊపాడు. మేస్త్రీ చేసిన తప్పుకు ఆవిడ తమ్ముణ్ణి క్షమిస్తోంది. ఆ క్షమను వాడు తల వంచుకుని పుచ్చుకుంటున్నాడు. మేస్త్రీ సగంలోనే లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మూడు గంటలకు ఇంజనీరమ్మ గదిలోకి మేస్త్రీ కబురు లేకుండానే వెళ్ళాడు. ఒక చేతిలో పుస్తకం, రెండో చేతిలో బంగారు రంగు డబ్బా. చిన్నోడు అప్పటికే కుర్చీలో ఉన్నాడు, ముందు కాగితం, కాగితం మీద కలం. ఇంజనీరమ్మ ఏమిటన్నట్టు చూసింది.

"వీడు గేరు తప్పలేదమ్మా" అన్నాడు మేస్త్రీ. "గేరు పడింది. క్లచ్ జారింది. అది జారేలా చేసింది నేను."

తర్వాత వరసగా చెప్పాడు. పుస్తకంలో పేజీ చూపించాడు, డబ్బా వెనక అక్షరాలు చూపించాడు. డిపో ఆవరణ చదునుగా ఉంటుంది, బండి చల్లగా ఉంటుంది, అందుకే ఆఫీసరుకు దొరకలేదన్నాడు. వేడెక్కి, ఇద్దరి బరువుతో నిటారు దారి ఎక్కేటప్పుడే ప్లేట్లు పట్టు వదులుతాయి. ఇంజను తిరుగుతుంది, ఆ బలం చక్రాలకు అందదు. బండి ఆగి వెనక్కి జారుతుంది. వెనక్కి జారే బండికి ఎవడైనా ఏం చేస్తాడు, భయపడి బ్రేకు తొక్కుతాడు. వెనక చక్రాలు బిగుసుకుని ముందు చక్రాలు లేస్తాయి. నాలుగో రోజు చిన్నోడు వచ్చి చెప్పిన సంగతీ, తను వేసిన జోకూ కూడా చెప్పాడు. భార్య పోరిన మాట ఒక్కటి మాత్రం చెప్పలేదు.

ఇంజనీరమ్మ పుస్తకమూ డబ్బా పక్కపక్కన పెట్టుకుని చదివింది. నోటి మాటతో ఇది నడవదు, చూపించగలరా అని అడిగింది.

డిపో వెనక లారీలు కడగడానికి కట్టిన ఏటవాలు గట్టు ఉంది. కప్పకు సీలు తీశారు. అరగంట సేపు ఆవరణలో తిప్పి ఇంజను వేడెక్కించారు. వెనక సీటు మీద ఇసుక సంచులు కట్టారు, ఒకటి, ఒకటిన్నర, తాత బరువు వచ్చే దాకా. ఆ సంచులకు తాడు బిగించేటప్పుడు ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. చక్రాల వెనక అడ్డం పెట్టడానికి ఇద్దరు చెక్క దిమ్మలు పట్టుకుని నిలబడ్డారు. చిన్నోడు దూరంగా గోడకు ఆనుకుని ఉన్నాడు. మేస్త్రీ తనే ఎక్కి కూర్చున్నాడు. గేరు వేసి, అది పడిందని ఇంజనీరమ్మకు చూపించి, గట్టు ఎక్కించాడు.

సగం దాకా ఎక్కింది. అక్కడ ఇంజను గొంతు ఒక్కసారిగా పైకి లేచింది. పెద్దగా, పిచ్చిగా అరిచింది. బండి మాత్రం అక్కడే ఆగిపోయింది. మెల్లగా వెనక్కి కదిలింది. దిమ్మలు పడ్డాయి.

ఆ అరుపు వినగానే చిన్నోడు గోడ దగ్గర నుంచి జారి నేల మీద కూర్చుండిపోయాడు. మంచి చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మేస్త్రీ బండి దిగి దగ్గరికి వెళ్ళాడు గానీ, భుజం మీద చెయ్యి వెయ్యడానికి ధైర్యం చాలలేదు.

కాసేపటికి చిన్నోడే తలెత్తాడు. "నెల రోజుల నుంచి ఈ కాలిని నరికేసుకోవాలనిపిస్తోంది" అన్నాడు. "నేను మీకు చెప్పాను. చెప్పాను కదా, మేస్త్రీ గారూ."

పదిహేనేళ్ళలో మొదటిసారి బావా అనలేదు. చెంపదెబ్బ కొట్టినా మేస్త్రీకి అంత తగిలేది కాదు.

సంతకం కాగితం చింపేశారు. ఇంకో కాగితం మీద మేస్త్రీ సంతకం పెట్టాడు. ఆయన్ని రెండు నెలలు పనిలోంచి ఆపారు, తిరిగొచ్చాక కూడా మేస్త్రీ హోదా ఉండదని, మామూలు పనివాడిగా చెయ్యాలని రాశారు. ఇంట్లో భార్య ఆ కాగితం గుమ్మంలోనే నిలబడి చదివింది.

"మంచి ఆయిల్ పొయ్యమని ప్రాణం తీసింది నేనేగా" అంది.

"నువ్వు మంచిది పొయ్యమన్నావు. ఏది మంచిదో చూడాల్సింది నేను" అన్నాడు మేస్త్రీ.

చిన్నోడు బట్టలు సంచీలో సర్దుకుని పంపుహౌసు పక్క గదిలోకి మారిపోయాడు. అక్కతో మాట్లాడేవాడు, ఆవిడ పంపిన భోజనం తినేవాడు. మేస్త్రీ దారిలో ఎదురైతే, బాగున్నారా మేస్త్రీ గారూ అని పక్కకు తప్పుకునేవాడు. ఆ మర్యాదకు మేస్త్రీ ప్రాణం విలవిల్లాడేది.

మేస్త్రీ వెళ్ళాల్సిన చోటు ఇంకొకటి ఉంది. వాల్వు తాత కూతురు ఊరి చివర బట్టలు కుట్టే పని చేస్తుంది. మూడుసార్లు ఆ వీధి మలుపు దాకా వెళ్ళి, మొహం చెల్లక వెనక్కి వచ్చాడు. నాలుగోసారి వెళ్ళాడు. ఆమె మిషను ఆపకుండానే వింది. కూర్చోమనలేదు. అంతా అయ్యాక దారం తెంపి, ఆ వారమంతా మా నాన్న ఇంటికొచ్చి అదే చెప్పేవాడండీ, మేస్త్రీ తన డబ్బు పెట్టి పట్టులాంటి ఆయిల్ పోశాడు, ఇక మాకు భయం లేదు అని, అంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని మేస్త్రీ అనుకున్నాడు. ఆమె మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది. ఆయన బయటికి వచ్చి వీధి పంపు దగ్గర నిలబడి, తాత ఎన్నేళ్ళు ఆ పంపులోకి నీళ్ళు పంపాడో లెక్కవేసుకుంటూ ఏడ్చాడు.

రెండు నెలల తర్వాత ఆయన పనిలో చేరిన రోజే కప్పను మళ్ళీ కొండెక్కించాలని ఇంజనీరమ్మ ఆర్డరు వచ్చింది. ప్లేట్లు కొత్తవి వచ్చాయి. ఆయిల్ ఎంచడానికి మాత్రం కొత్త పద్ధతి పెట్టింది. పోసేవాడూ, నడిపేవాడూ ఇద్దరూ కలిసి వెళ్ళి, ఇద్దరూ చదివి, ఇద్దరూ సంతకం పెట్టాలి.

కాబట్టి ఇద్దరూ ఆ పెద్ద దుకాణానికి వెళ్ళారు. దుకాణదారుడు చూడగానే బంగారు రంగు డబ్బా తీసి ముందు పెట్టి, పోయినసారి ఇదేగా తీసుకెళ్ళారు, దీన్ని మించింది లేదన్నాడు. మేస్త్రీ దాన్ని వేలితో పక్కకు నెట్టాడు. వెట్ క్లచ్‌కు పనికొచ్చేవన్నీ చూపించమన్నాడు. దుకాణదారుడు నాలుగు డబ్బాలు దించాడు. మేస్త్రీ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే వెనక్కి తిప్పి, వేలు పెట్టి చదివాడు. ఒకటి మోటారు సైకిళ్ళదే గానీ రాపిడి తగ్గించేది, స్కూటర్లకు చేసింది, దాన్ని పక్కన పెట్టాడు. ఇంకోదానిమీద వెట్ క్లచ్ మాట ఎక్కడా లేదు. మిగిలిన రెండిటిలో ఒకటి పుస్తకం చెప్పినంత చిక్కగా లేదు. చివరిది మట్టిరంగు డబ్బా, అందంగా కూడా లేదు. దాని మీద వెట్ క్లచ్‌కు అని స్పష్టంగా ఉంది, పుస్తకంలో ఉన్న గుర్తే ఉంది. మేస్త్రీ చదివి చిన్నోడి చేతికిచ్చాడు. చిన్నోడు మొదటి నుంచి చివరి దాకా చదివాడు. మళ్ళీ పుస్తకం తెరిచి అక్షరం అక్షరం పోల్చుకున్నాడు. మేస్త్రీ మాట మీద నమ్మకం లేదని చెప్పకుండానే చెప్పాడు. మేస్త్రీ ఓపిగ్గా నిలబడ్డాడు. అది న్యాయమేననిపించింది.

మర్నాడు పొద్దున ఆయిల్ పోశాడు. గట్టు మీద ఇసుక సంచులతో పదిసార్లు ఎక్కించారు, పదిసార్లూ ఎక్కింది. ఫారంలో రెండు గళ్ళూ నిండాయి, రెండు సంతకాలూ పడ్డాయి. చిన్నోడు హెల్మెట్ పెట్టుకుని బండి మీద కూర్చున్నాడు. కట్టు విప్పిన చెయ్యి కొంచెం సన్నబడి ఉంది. వాల్వు తిప్పడానికి వెళ్ళాల్సిన కొత్త కుర్రాడు వెనక ఎక్కబోయాడు. చిన్నోడు వద్దన్నాడు.

"మీరు ఎక్కండి మేస్త్రీ గారూ" అన్నాడు. "ఆయిల్ మీరు పోశారుగా."

మేస్త్రీ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తాత కూర్చునే చోట, తాత పట్టుకునే కమ్మీ పట్టుకుని కూర్చున్నాడు. గోడ మీద నుంచి భార్య చూస్తోందని తెలుసు. అటు తిరగలేదు.

కొండదారి మొదలైంది. రాళ్ళు, పొదలు, ఒక పక్క లోయ. మేస్త్రీ ఈ దారిలో ఎన్నడూ రాలేదు. బళ్ళు పంపడమే గానీ, అవి ఎక్కే దారి ఎలా ఉంటుందో చూసే తీరిక ఆయనకు ఎప్పుడూ లేకపోయింది. ఇంత నిటారుగా ఉంటుందని అనుకోలేదు. ప్రతి మలుపులోనూ వీపు వెనక ఏమీ లేనట్టుంది. తాత రోజూ ఇక్కడే, ఇలాగే, తన మీద నమ్మకంతో కూర్చున్నాడు.

చివరి మలుపు వచ్చింది. రాతి మీద గీసుకుపోయిన గుర్తు ఇంకా ఉంది. చిన్నోడి భుజాలు బిగుసుకోవడం మేస్త్రీకి కనిపించింది. ఎడమ పాదం ఒకసారి కిందికి నొక్కింది. గేరు పడింది. ఇంజను గొంతు పెంచింది. మేస్త్రీ ఊపిరి బిగబట్టి విన్నాడు, ముప్పై ఏళ్ళలో ఏ బండినీ అలా వినలేదు. ఆ గొంతుతో పాటే చక్రాలూ తిరిగాయి. కప్ప ముందుకు వంగి, రాళ్ళను పట్టుకుని, ఒక్కో అడుగే పైకి పోయింది. గుర్తు వెనకబడింది.

చిన్నోడు వెనక్కి తిరగకుండానే మాట్లాడాడు.

"తాత కంటే నువ్వు బరువు బావా" అన్నాడు. "అయినా అరవట్లేదు, చూశావా?"

బావమరిది ఏదన్నా అంటే ఠక్కున తిప్పికొట్టడం మేస్త్రీకి ఎప్పటి నుంచో అలవాటు. ఆ రోజు ముందున్న వీపుకు నుదురు ఆనించి, చూశాను అన్నట్టు తల ఊపాడు. ఎదురుగా ట్యాంకు కనిపించింది. కింద ఊరు నీళ్ళ కోసం చూస్తూ ఉంది.